ముందు ఆ వణుకు ఎక్కడిదో తేల్చండి

అనంతపురం నుంచి ఒక పాఠకుడు రాసిన లేఖ ఇది. పేరు వేయవద్దని కోరారు. వయసు 36, విద్యుత్ శాఖలో ఉద్యోగం. ఇంట్లో భార్య, ఐదో తరగతి చదువుతున్న కొడుకు. రెండేళ్ల కిందట బెంగళూరులో తెలిసినవారి దగ్గర 450 తరగతి రిమోట్ కంట్రోల్ ఎలక్ట్రిక్ హెలికాప్టర్‌ను 14,000 రూపాయలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 3500 కేవీ మోటారు, మోటారుకు బిగించిన 11 పళ్ల చిన్న గేరు (పినియన్), అది తిప్పే 150 పళ్ల మెయిన్ గేరు, రెక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ హెడ్, దానికి నిలకడనిచ్చే ఫ్లైబార్ కడ్డీ, బెల్టుతో తిరిగే తోక రోటరు. కొన్న నాటికి దాని జాతకం ఇది. ఊరి బయట శెనక్కాయ కోతలు అయిపోయిన చేలల్లో దానిని ఛాతీ ఎత్తున గాలిలో ఒకేచోట నిలకడగా ఆపి ఉంచడం (హోవర్ చేయడం) నేర్చుకున్నారు.

ఒకరోజు తోక అదుపు తప్పి గిరగిరా తిరిగి కూలింది. ప్లాస్టిక్ కాబట్టే హెడ్ విరిగిందనుకుని అల్యూమినియం హెడ్ వేశారు. అప్పటి నుంచి యంత్రమంతా సన్నగా వణుకుతోంది. ఆ తర్వాత అల్యూమినియం తోక, కార్బన్ రెక్కలు, రెక్కల కోణాన్ని కదిపే చిన్న మోటార్లయిన డిజిటల్ సర్వోలు నాలుగు వచ్చాయి. సర్వోలు మార్చిన కొన్నాళ్లకే గాలిలో ఉండగా కంట్రోల్ అంతా ఒక్క క్షణం స్తంభించి మళ్లీ పడిపోయింది. గత ఏప్రిల్‌లో సరిగా పైకి లేవడం లేదని 13 పళ్ల పినియన్ బిగించారు. ఇప్పుడు లేస్తోంది గానీ తోక కుడి ఎడమలకు వేగంగా ఊగుతోంది, ఎనిమిది నిమిషాలు ఎగిరేది ఐదు నిమిషాలకే దిగిపోతోంది, బ్యాటరీ ఉబ్బింది. బ్యాటరీతో కలిపి 790 గ్రాములు ఉన్న బరువు 880 అయింది. మార్పులకు అయిన ఖర్చు 19,000.

కర్నూలులో ఉండే బావమరిదికి ఇందులో మంచి అనుభవం ఉంది. "నాలుగు సెల్లుల బ్యాటరీ పెట్టి, ఫ్లైబార్ తీసేసి ఫ్లైబార్‌లెస్ చేసెయ్ బావా, అన్నీ సర్దుకుంటాయి" అంటున్నాడు. దానికి మరో 17,000 అవుతుంది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఇప్పటివరకు పెట్టిన డబ్బులో సగానికి పైగా భార్యకు చెప్పకుండా చీటీ పాడిన సొమ్ములోంచి తీశారు. ఈమధ్యే ఆమెకు తెలిసింది. ఆమె గొడవ చేయలేదు. "ఇది ఎప్పటికి పూర్తవుతుంది?" అని మాత్రం అడిగారు. వచ్చే నెల కొడుకు బడిలో వార్షికోత్సవం. పిల్లల ముందు హెలికాప్టర్ ఎగరేయమని ప్రధానోపాధ్యాయులు అడిగితే ఈయన ఒప్పుకున్నారు, పిల్లవాడు తరగతి అంతా చెప్పుకున్నాడు. బావమరిది చెప్పినట్టు చేయాలా, ఉన్నదానినే ఎలాగోలా సరిచేసుకోవాలా, అమ్మేసి ఈ వ్యాపకం వదిలేయాలా అన్నది వారి ప్రశ్న.

మీ లేఖలో మీరు కొన్న వస్తువుల జాబితాతో పాటు అవి కొన్న వరుస కూడా ఉంది. నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ వరుసే. మొదటిసారి తోక అదుపు తప్పింది కాబట్టి హెలికాప్టర్ కూలింది, కూలింది కాబట్టి ప్లాస్టిక్ విరిగింది. మీరు విరిగిన దానిని మార్చారు గానీ తోక ఎందుకు అదుపు తప్పిందో చూడలేదు. ఆ తర్వాత కూడా అంతే: ప్రతి దెబ్బ తర్వాత ఒక కొనుగోలు ఉంది, రెంటి మధ్య ఒక పరీక్ష లేదు. మీ ఉద్యోగంలో లైను ట్రిప్ అయితే ఇంకా లావు ఫ్యూజు తీగ వేయరు కదా, ఫాల్టు ఎక్కడుందో వెతుకుతారు. ఇంటికి వచ్చి హెలికాప్టర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ అలవాటును ఎందుకో పక్కన పెట్టారు.

నిజానికి మీ యంత్రంలో ఉన్న ప్రతి రోగం ఎప్పుడు మొదలైందో మీరే రాశారు. వణుకు హెడ్ మార్చాక వచ్చింది, స్తంభించడం సర్వోలు మార్చాక వచ్చింది, తోక ఊగడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం పినియన్ మార్చాక వచ్చాయి. కాబట్టి ఈ మూడింటినీ విడివిడిగా చూద్దాం. చివరిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దానితో ముడిపడి ఉన్నాయి.

మోటారు మీద ఉండే కేవీ అంకె, బరువు లేనప్పుడు ఒక వోల్టుకు అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. 3500ను మూడు సెల్లుల 11.1 వోల్టులతో గుణించి, 11 పళ్ల పినియన్, 150 పళ్ల గేరుల నిష్పత్తిలో తగ్గిస్తే రోటరు వేగం దాదాపు 2,850 చుట్లు వస్తుంది. భారం పడినప్పుడు జరిగే నష్టాలకు 15 శాతం తీసేస్తే ఫుల్ థ్రాటిల్‌లో సుమారు 2,400. మీ హెలికాప్టర్ మొదట తిరిగిన వేగం ఇది. 13 పళ్ల పినియన్ వేశాక అదే లెక్క 2,860 దాకా పోయింది, అంటే 18 శాతం పెరుగుదల. వినడానికి ఇది చిన్న అంకె. అయితే రెక్కల కోణం మార్చకపోతే లేపే బలం వేగపు వర్గంతోనూ, తినే శక్తి వేగపు ఘనంతోనూ పెరుగుతాయి కనుక, బలం 40 శాతం, శక్తి వాడకం 65 శాతం పెరిగినట్టు లెక్క. హోవర్‌లో కోణం తగ్గించి నడుపుతాం కాబట్టి ఆ 65 శాతం అంతా కనిపించదు. కానీ లోహపు భాగాలతో చేరిన 90 గ్రాముల బరువు కూడా కలిశాక, ఎనిమిది నిమిషాలు ఐదు కావడంలో వింత ఏమీ లేదు. మీరు అనుకుంటున్నట్టు బ్యాటరీ నాసిరకం కాకపోవచ్చు. దాని చేత మీరు చేయించిన పని పెరిగింది, ఆ శ్రమకే ఉబ్బి ఉండవచ్చు.

ఏప్రిల్‌లో అది ఎందుకు లేవలేదన్నది మరో సంగతి. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, 15 డిగ్రీల వద్ద సముద్రమట్టంలో ఉండే గాలి కంటే దాదాపు 12 శాతం పలుచన. రెక్కలకు పట్టు దొరికేది ఆ గాలిలోనే కాబట్టి, డిసెంబరు ఉదయం తేలిగ్గా లేచిన యంత్రం ఏప్రిల్ మధ్యాహ్నం బరువుగా కదలడం సహజం. దానికి రిమోట్‌లో రెక్కల కోణాన్ని నిర్ణయించే పిచ్ కర్వ్‌లో ఒక డిగ్రీ పెంచడమో, పొద్దున ఆరు గంటలకు చేనికి వెళ్లడమో చాలేది. రెండూ ఖర్చు లేని మార్గాలు కావడం వల్లనే బహుశా ఎవరూ మీకు చెప్పి ఉండరు.

తోక ఊగడానికి కూడా ఆ పినియనే మొదటి అనుమానితుడు. ప్రధాన రోటరు వేగం పెరిగితే బెల్టు ద్వారా తోక రోటరు వేగం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. గైరో అంటే తోక కదలికను గ్రహించి సరిదిద్దే పరికరం, గెయిన్ అంటే అది స్పందించే తీవ్రత. నిన్నటి వేగానికి సరిపోయిన గైరో గెయిన్ ఇవాళ్టి వేగానికి ఎక్కువై, గైరో ప్రతి చిన్న కదలికకూ అతిగా స్పందిస్తూ తోకను అటూ ఇటూ కొడుతుంది. గెయిన్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూడండి. తగ్గించే కొద్దీ ఊపు తగ్గితే కారణం దొరికినట్టే. తగ్గించినా ఊగుతుంటే తోక వైపు వెళ్లే కడ్డీని సర్వో నుంచి విడదీసి, తోక రెక్కల కోణాన్ని మార్చే స్లైడరును వేలితో ముందుకు వెనక్కు జరపండి. అది తన బరువుకే జారేంత వదులుగా కదలాలి; ఎక్కడైనా పట్టేస్తే మన అనంతపురం ఎర్రమట్టి దుమ్ము అక్కడ చేరిందని అర్థం. బెల్టును కూడా చూడండి, ఎండాకాలపు పొడి గాలిలో బెల్టు రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి తోక గొట్టంలో చేరుతుంది, అది గైరోను ఉలిక్కిపడేలా చేస్తుంది. తోక గొట్టాన్ని మోటారు బిగించే లోహపు పలకకు ఒక సన్నని తీగతో కలిపితే ఆ బెడద పోతుంది. ఎర్తింగ్ గురించి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. మొట్టమొదటి కూలుడుకు కారణం ఈ రెండింటిలో ఒకటి అయి ఉండే అవకాశం ఉంది. అప్పుడు గైరోనూ, బెల్టునూ ఎవరూ చూడలేదు కాబట్టి ఇప్పుడు నిర్ధారించడం కష్టం.

గాలిలో స్తంభించిన ఘటనను మీ బావమరిది రిమోట్ సిగ్నల్ మీదికి నెట్టాడు. నా అనుమానం వేరే. మోటారును నడిపే ఈఎస్సీలోనే, రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవరుకూ సర్వోలకూ 5 వోల్టులు ఇచ్చే బీఈసీ అనే చిన్న భాగం ఉంటుంది. పాత ఈఎస్సీలలో అది లీనియర్ రకం, అంటే అదనపు వోల్టేజీని వేడిగా మార్చి వదిలేస్తుంది. నిండుగా ఛార్జి చేసిన మూడు సెల్లులు 12.6 వోల్టులు. సర్వోలు 2 ఆంపియర్లు లాగితే 7.6 వోల్టుల తేడా మీద 15 వాట్ల వేడి ఆ చిన్న చిప్పు మీద పడుతుంది. మామూలు సర్వోలతో అంత లాగడం అరుదు. మీరు వేసిన డిజిటల్ సర్వోలు నాలుగూ ఒకేసారి గట్టిగా కదిలితే ఆ క్షణానికి అంతకు మించి కూడా లాగగలవు. చిప్పు వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతే రిసీవరు ఒక్క క్షణం చచ్చి మళ్లీ లేస్తుంది. మీరు వర్ణించింది అచ్చం ఇదే. దీనికి 5 ఆంపియర్ల స్విచ్చింగ్ రకం (తక్కువ వేడితో వోల్టేజీని దించే) బీఈసీని విడిగా పెట్టుకోవడం చౌకైన, శాశ్వతమైన పరిష్కారం. అది పెట్టినప్పుడు ఈఎస్సీ నుంచి రిసీవరుకు వచ్చే ఎర్ర తీగను తప్పక విడదీయండి, లేకపోతే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

ఇక అల్యూమినియం హెడ్. లోహం గట్టిది కాబట్టి మంచిదన్న నమ్మకం ఈ వ్యాపకంలో దాదాపు అందరికీ ఉంటుంది, చూడడానికి అందంగా కూడా ఉంటుంది, కాదనను. కానీ కూలినప్పుడు రెక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ గ్రిప్ విరిగి ఆ దెబ్బను తనలోనే ముగిస్తుంది. లోహపు గ్రిప్ విరగకుండా ఆ దెబ్బను, రెండు గ్రిప్‌లను కలిపే ఫెదరింగ్ షాఫ్ట్‌కు, మెయిన్ షాఫ్ట్‌కు, గేరుకు అందిస్తుంది. అంటే వందల్లో పోయే నష్టం వేలల్లోకి మారుతుంది. అంతకంటే ముఖ్యంగా, కంటికి కనిపించనంత వంపు తిరిగిన షాఫ్ట్ ఆ తర్వాత వారాల తరబడి వణుకు పుట్టిస్తూనే ఉంటుంది. చౌకరకం లోహపు హెడ్లలో రంధ్రాలు ఒకే వరుసలో ఉండకపోవడం కూడా సాధారణమే.

వణుకు ఎక్కడిదో తేల్చే పద్ధతి కొంచెం ఓపిక కోరుతుంది గానీ కష్టమైనది కాదు. ప్రధాన రెక్కలు, తోక రెక్కలు అన్నీ విప్పేసి, హెలికాప్టర్‌ను గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటు చేసుకుని మోటారును సగం వేగం మించకుండా నడపండి. అప్పుడు కూడా వణికితే దోషం మోటారులోనో, గేరులోనో, మెయిన్ షాఫ్ట్‌లోనో ఉంది. వణకకపోతే తోక రెక్కలు మాత్రమే బిగించి చూడండి. సన్నని, జివ్వుమనే వణుకు తోకది లేదా మోటారుది. యంత్రమంతా నెమ్మదిగా ఊగినట్టుండే వణుకు ప్రధాన రోటరుది. ఫెదరింగ్ షాఫ్ట్‌ను బయటికి తీసి అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సన్నగా ఆడుతూ కనిపిస్తే అది వంగింది, దానిని సరిచేయడానికి ప్రయత్నించకుండా కొత్తది వేయండి. పినియన్, మెయిన్ గేరుల మధ్య ఒక కాగితపు ముక్కను తిప్పి బయటికి తీస్తే అది చిరగకుండా మడతలు మాత్రం పడాలి. కార్బన్ రెక్కలు రెండింటినీ తూకం వేయడమే కాక, ఒక్కొక్కటి ఎక్కడ సమంగా నిలబడుతుందో కూడా పోల్చి, తేలికైన దాని మీద సన్నని టేపు అంటించండి. హెలికాప్టర్‌ను పక్కకు పడుకోబెట్టినప్పుడు రెక్కలు తమ బరువుకే వాలిపోకూడదు, వేలితో కాస్త నెడితే కదలాలి. అంతకు మించి బిగించవద్దు.

మీ లేఖలో ఒక మాట ఎక్కడా లేదు: థ్రెడ్‌లాక్, అంటే స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు. లోహంలోకి లోహపు స్క్రూ బిగించే ప్రతిచోటా నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయకపోతే, వణుకుకు ఆ స్క్రూలు తమంతట తామే వదులవుతాయి. ప్లాస్టిక్ హెడ్‌తో ఆ అవసరం అంతగా ఉండదు, పైగా అది తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు పగులుతాయి కూడా. ప్లాస్టిక్ నుంచి లోహానికి మారినవారు ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోవడం తరచుగా జరుగుతుంది. మీరు వేసి ఉంటే సరే. వేయకపోతే ఇంకొక్కసారి ఎగరేయకముందే హెడ్ అంతా విప్పి, స్క్రూలను శుభ్రం చేసి వేయండి. ఆ వేగంలో ఒక గ్రిప్ స్క్రూ ఊడితే రెక్క ఎటు పోతుందో చెప్పలేం.

ఇప్పుడు మీ బావమరిది సలహాకు వస్తాను. ఆయనకు తెలియక చెప్పాడని నేను అనను. ఆయన తన యంత్రాన్ని మనసులో పెట్టుకుని చెప్పాడు. ఎక్కువ సెల్లుల కోసం తయారైన హెలికాప్టర్లో మోటారు కేవీ తక్కువగా ఉంటుంది, ఈఎస్సీ అందుకు తగ్గది ఉంటుంది. మీ 3500 కేవీ మోటారును అలాగే ఉంచి నాలుగు సెల్లుల 14.8 వోల్టులు పెడితే, 13 పళ్ల పినియన్‌తో రోటరు వేగం నష్టాలు పోను 3,800 దాటుతుంది. దాదాపు 70 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోటరు ఆ వేగంతో తిరిగితే రెక్క కొన గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. మొదట మీ హెలికాప్టర్ కొన్నప్పుడు అది సుమారు 316. రెక్కను బయటికి లాగే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, గ్రిప్‌ల మీద, ఆ స్క్రూల మీద పడే లాగుడు మొదటి దానికి రెండున్నర రెట్లవుతుంది. మీ రెక్కల తయారీదారు ఇచ్చిన గరిష్ఠ వేగం ఎంతో పెట్టె మీదనో, కరపత్రంలోనో చూడండి. ఈ అంకెను పక్కన పెట్టి పోల్చుకుంటే మీకే నిర్ణయం తెలిసిపోతుంది. బీఈసీ సంగతి కూడా మరువకండి, నాలుగు సెల్లుల నిండు ఛార్జి 16.8 వోల్టులు, అదే 2 ఆంపియర్లకు ఆ చిప్పు మీద పడే వేడి 15 వాట్ల నుంచి దాదాపు 24 వాట్లకు పెరుగుతుంది. అసలు మీ ఈఎస్సీ నాలుగు సెల్లులను తట్టుకుంటుందో లేదో దాని మీద రాసే ఉంటుంది.

నాలుగు సెల్లులకు సరైన పద్ధతిలో మారడం సాధ్యమే. 2600 ప్రాంతపు కేవీ మోటారు, నాలుగు సెల్లులకు తగిన ఈఎస్సీ, 1650 ఎంఏహెచ్ ప్రాంతపు బ్యాటరీ తీసుకుని, పినియన్‌ను తిరిగి 11కు తెస్తే రోటరు వేగం మొదటి 2,400 దగ్గరే ఉంటుంది. బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి కూడా మీ 2200 మూడు సెల్లుల దానితో దాదాపు సమానం, రెండూ 24 వాట్ అవర్ల పైచిలుకు. లాభమేమిటంటే అదే పనికి తక్కువ కరెంటు చాలు, కాబట్టి మోటారు, తీగలు, ఈఎస్సీ చల్లగా ఉంటాయి. మన ఎండల్లో అది చిన్న లాభం కాదు. అయితే ఇందుకు ఖర్చు పెట్టాక హెలికాప్టర్ మునుపటి కంటే వేగంగా ఎగరదు, ఎక్కువసేపు ఎగరడం కూడా స్వల్పమే. వణుకు ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది.

ఫ్లైబార్‌లెస్ విషయంలో మీ బావమరిదితో నాకు సగం ఏకీభావం ఉంది. బెల్, హిల్లర్ అనే రెండు కంపెనీల హెలికాప్టర్ల నుంచి వచ్చిన పద్ధతుల కలయిక అయిన ఆ ఫ్లైబార్ కడ్డీ చేసే పనిని, ఫ్లైబార్‌లెస్‌లో మూడు అక్షాల గైరోలున్న చిన్న యూనిట్ చేస్తుంది. కడ్డీ లేకపోతే గాలి నిరోధం తగ్గుతుంది, హెడ్ సరళమవుతుంది, కూలినప్పుడు విరిగే భాగాలు తగ్గుతాయి. గాలి తోపుడుకు యంత్రం తక్కువగా చలిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు అనంతపురం ప్రాంతంలో వీచే గాలి ఎలాంటిదో రామగిరి కొండల మీది గాలిమరలను చూసినవారికి తెలుసు కనుక ఇది మీకు నిజంగా పనికివచ్చే గుణమే. కానీ ఆ యూనిట్ పనిచేసేది కదలికలను గ్రహించి. యంత్రంలో వణుకు ఉంటే ఆ వణుకును కూడా కదలికగానే గ్రహిస్తుంది, దానిని సరిదిద్దబోయి సర్వోలను వృథాగా ఆడిస్తుంది, ఒక్కోసారి నిలువు ఏదో మరచి పక్కకు ఒరిగిపోతుంది. వణుకుతున్న హెలికాప్టర్‌కు ఫ్లైబార్‌లెస్ వేయడం అంటే రోగం ఉండగానే నొప్పి తెలిపే నరాలను పెంచడం. అందుకే ఇది మంచి మార్పే అయినా మీ వరుసలో చివర రావాలి.

కాబట్టి మీ ముందున్న దారులు ఇలా కనిపిస్తున్నాయి. మీ పాత 11 పళ్ల పినియన్ ఇంట్లోనే ఉంటుంది, దానిని తిరిగి వేసి, రెండు షాఫ్టులు, విడి బీఈసీ, ఒక కొత్త మూడు సెల్లుల బ్యాటరీ కొని, పైన చెప్పిన పరీక్షలు చేస్తే ఖర్చు నాలుగు వేలకు మించకపోవచ్చు. అందులో మీకు దొరికేది కొత్తదనం లేని, కానీ చెప్పిన మాట వినే హెలికాప్టర్. హెడ్‌ను మాత్రం ప్లాస్టిక్‌కు మార్చాలా, అల్యూమినియంతోనే ఉండాలా అన్నది మీ ఇష్టం. హెడ్ వరుసగా ఉందని పరీక్షలో తేలితే ఉంచుకోండి, ఇంకా తరచుగా పడేసే దశలోనే ఉన్నాననుకుంటే ప్లాస్టిక్ మీ జేబుకు మంచిది. ఇదే దారిలో కొన్నాళ్లు నడిచి, వణుకు పూర్తిగా పోయాక ఫ్లైబార్‌లెస్‌కు మారవచ్చు. నాలుగు సెల్లుల అవసరం నాకైతే కనిపించడం లేదు. మీరు ఇంకా హోవర్, చిన్న చిన్న వలయాల దశలోనే ఉన్నారు, తలకిందులుగా తిప్పే ఆలోచన మీ లేఖలో ఎక్కడా లేదు. ఆ 17,000లో చాలా చిన్న భాగంతో కంప్యూటర్‌కు తగిలించే సిమ్యులేటర్ కేబుల్ కొని, మీ రిమోట్‌తోనే రాత్రిపూట సాధన చేస్తే మీ చేతికి వచ్చే మార్పు ఏ అల్యూమినియం ముక్కతోనూ రాదు.

అమ్మేయడం కూడా తప్పుదారి కాదు, కానీ ఇప్పుడున్న స్థితిలో అమ్మితే మీరు పెట్టిన 33,000లో చాలా తక్కువ చేతికొస్తుంది, ఎందుకంటే కొనేవాడు ముందుగా అడిగేది "వణుకుతోందా?" అనే. బాగు చేసి ఎగరేసి చూపించి అమ్మితే పరిస్థితి వేరు. అమ్మి కొత్త హెలికాప్టర్ బయటి నుంచి తెప్పించుకుందాం అనుకుంటే, 2022 ఫిబ్రవరి నుంచి పూర్తి డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉందనీ, ఇలాంటివి కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉందనీ గుర్తుంచుకోండి.

ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయవద్దు, బీరువాలో దాచవద్దు. ఆరుబయట, మట్టి నేల మీద పెట్టి, కారు ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును తగిలించి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వదిలి, తర్వాత ఈ-వేస్టు తీసుకునేవారికి ఇవ్వండి. కొత్త బ్యాటరీని ఒక్కో సెల్లు 3.5 వోల్టుల కంటే దిగేదాకా వాడకుండా, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచండి. మే నెలలో స్కూటర్ డిక్కీలో మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

మీ శ్రీమతి అడిగిన ప్రశ్న గురించి. మీరు దానిని ఎత్తిపొడుపుగా తీసుకున్నట్టు మీ లేఖలో అనిపించింది. నాకు అది మీ లేఖ మొత్తంలో కొలతకు అందే ఏకైక ప్రశ్నగా కనిపించింది. దానికి మీ దగ్గర సమాధానం లేకపోవడానికి కారణం, ఏ స్థితికి వస్తే ఈ హెలికాప్టర్ పూర్తయినట్టో మీరు ఎప్పుడూ అనుకోకపోవడమే. ఆ స్థితిని ఇప్పుడు నిర్ణయించండి: వణుకు లేకుండా, తోక ఊగకుండా, ఏడెనిమిది నిమిషాలు హోవర్ చేసి చల్లటి మోటారుతో దిగడం అని నేనైతే రాసుకుంటాను. దానికి ఎంత ఖర్చు, ఎప్పటిలోగా అన్నది ఒక కాగితం మీద వేసి ఆమె ముందు పెట్టండి. చీటీ డబ్బు ఎంత తీశారో, దానిని ఏ నెలలకల్లా తిరిగి వేస్తారో కూడా అందులోనే ఉండాలి. ఫ్లైబార్‌లెస్ ఆ కాగితంలో ఉండకూడదు. అది కావాలంటే చీటీ తీరాక విడిగా అడగవలసిన విషయం. ఆమె ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు అమ్మడం గురించి మాట్లాడుకోవచ్చు, కానీ అప్పటికి మీ ఇద్దరి ముందూ ఒకే లెక్క ఉంటుంది.

బడి సంగతి ఒక్కటే నేను దారులుగా చెప్పలేను. ఇంకా వణుకు కారణం తేలని, ఒకసారి గాలిలో స్తంభించిన యంత్రాన్ని పిల్లల ముందు ఎగరేయకూడదు. బాగైనా సరే, మైదానంలో గుంపుగా నిలబడిన పిల్లల దగ్గర ఎగరేయడం నేను సిఫారసు చేయను. మీ రెక్క కొన మొదటి వేగంలోనే గంటకు 300 కిలోమీటర్లు దాటుతుందని పైన చూశారు. చట్టం వైపు నుంచి చూస్తే 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ఉన్నవి మైక్రో తరగతి. సరదాకు, కంటి చూపు మేరలో నడిపే మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ఇచ్చే ధ్రువీకరణ) అక్కరలేదు, కానీ ఎక్కడ ఎగరవచ్చో పౌర విమానయాన శాఖ ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో చూసుకోవాలి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం చుట్టుపక్కల ఎనిమిది కిలోమీటర్లలోపు గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతం) కాదని మీ బావమరిదికి కూడా ఒకసారి గుర్తు చేయండి.

ప్రధానోపాధ్యాయులకు ఇప్పుడే చెప్పండి, పిల్లవాడికి ఇంకా ముందే చెప్పండి. వాడికి చెప్పేటప్పుడు ఎగరదు అనే మాట దగ్గర ఆగకుండా, ఏం చేయబోతున్నామో చెప్పండి. ప్రధాన రెక్కల కోణాన్ని మార్చే స్వాష్‌ప్లేట్ అనే పలక ఎలా వంగితే రోటరు ఎటు ఒరుగుతుందో, తోక రెక్కల కోణం మారితే ముక్కు ఎటు తిరుగుతుందో రిమోట్‌తో ఆడించి చూపించడం ఐదో తరగతి పిల్లలకు, టీచర్లకు కూడా ఎగరడమంత ఆసక్తిగానే ఉంటుంది. వివరణ మీ అబ్బాయి చేత చెప్పించండి, దానికి ఒక వారం ఇంట్లో సాధన చేయించండి. ఆ రోజు మోటారు మూడు తీగలను ఈఎస్సీ నుంచి విడదీసి, ప్రధాన రెక్కలు రెండూ విప్పి ఇంట్లోనే పెట్టి వెళ్లండి.